బండకప్పు నుండి అద్దాల మేడ వరకు

సికింద్రాబాదును వాడి జంక్షనుతో కలుపు రైలుమార్గము 1874వ సంవత్సరమున ప్రారంభమైనది. ఈ దారిలో వికారాబాదు దాటుచుండగా అనంతగిరి కొండలు కనబడును. అడవి, ఎర్రని లాటరైటు నేల, మూసీనది పుట్టుక, అనంతపద్మనాభస్వామి ఆలయము ఈ కొండలకు పేరు తెచ్చినవి. అచటి నుండి రైలు పడమటి దిక్కుగా సుమారు 40 కిలోమీటర్లు సాగి తాండూరు చేరుసరికి నేల స్వరూపమే మారిపోవును. పొలముల చుట్టు గోడలకు బదులు నిలువుగా పాతిన బండలు, దారి ప్రక్కల పేర్చిన నాపరాళ్ళ దొంతరలు, బండలను కోసి నునుపు చేయు యంత్రముల చప్పుడు – ఇవన్నియు తాండూరు వచ్చినదని తెలుపును.

ఇచట ఒకే రాయి రెండు దారులలో కట్టడములకు చేరుచున్నది. మొదటి దారిలో, గనిలో పొరలు పొరలుగా లేచిన బండ బండగానే పోయి నేలపై పరుపగును, కప్పు అగును, మెట్టు అగును. రెండవ దారిలో అదే సున్నపురాయి పొడియై, కొలిమిలో కాలి, సిమెంటుగా మారును. తాండూరు సమీపమున కరన్‌కోటలో సిమెంటు కర్మాగారము వెలయుటకు ఈ రాయియే కారణము. మొదటి దారి వేల సంవత్సరముల నాటిది. రెండవ దారికి రెండు వందల సంవత్సరముల వయస్సు మాత్రమే కలదు. ఐనను నేడు మనము ‘ఆధునిక వాస్తుశైలులు’ అని పిలుచు వానిలో పెక్కు ఈ రెండవ దారి వలననే సాధ్యమైనవి.

శైలి యనగా కట్టడము ముఖమునకు వేసిన అలంకారమని చాలమంది తలంతురు. అది సగము నిజము మాత్రమే. ప్రతి కట్టడమును రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలెను. కప్పు బరువును నేలకు ఎట్లు దింపవలెను? ఎండను, గాలిని, వానను ఎట్లు అదుపులో ఉంచవలెను? ఈ సమాధానములు మారినప్పుడెల్ల శైలి మారినది. ఈ రెండు ప్రశ్నలను చేతబట్టుకొని చూచినచో ఆధునిక వాస్తుశైలుల చరిత్ర అంత కఠినమైనది కాదు.

రాతి బలము, రాతి బలహీనత

తరగతి గదిలోని సుద్దముక్కతో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. సుద్దముక్కను బల్లపై నిలువుగా నిలిపి వ్రేలితో పైనుండి నొక్కినచో అది సులభముగా విరుగదు. అదే ముక్కను రెండు చేతులతో పట్టుకొని వంచినచో వెంటనే విరుగును. వంచినపుడు దాని పైభాగము నొక్కుకొనును. క్రిందిభాగము సాగవలసి వచ్చును. సుద్ద నొక్కుడును (సంపీడనమును) ఓర్చుకొనును గాని లాగుడును (తన్యతను) ఓర్చుకొనలేదు. రాతి గుణము కూడ ఇట్టిదే. దాని లాగుడు బలము నొక్కుడు బలములో సుమారు పదవ వంతు మాత్రమే.

రెండు గోడల నడుమ పరచిన బండ తన బరువుతో తానే కొంచెము వంగును. దాని అడుగుభాగమున లాగుడు పుట్టును. గోడల నడుమ దూరము రెండింతలైనచో, అదే మందము గల బండలో ఈ లాగుడు నాలుగింతలగును. అందువలననే బండకప్పు ఇండ్లలో గదులు ఇరుకుగా ఉండును. పాత మండపములలో స్తంభములు దగ్గర దగ్గరగా నిలుచును. 1163లో హనుమకొండలో వెలసిన వేయిస్తంభముల గుడిని చూచి, ఇన్ని స్తంభములు శోభకొరకే అనుకొనరాదు. రాతిదూలము పొడవు శిల్పికి ఒక హద్దు గీసినది. ఆ హద్దులోనే అతడు అందమును సాధించినాడు.

ఈ హద్దును దాటుటకు దొరికిన ఉపాయము కమాను. కమానులోని ప్రతి రాయియు ప్రక్కరాతిని నొక్కుచు బరువును క్రిందికి దింపును. లాగుడునకు చోటు ఉండదు. 1591లో హైదరాబాదులో కట్టిన చార్మినారు కమానుల వెడల్పు ఒక్కొక్కటి సుమారు 11 మీటర్లు. ఇంత దూరమును రాతిదూలముతో దాటుట మిక్కిలి కష్టము. కాని కమాను తన పాదములను వెలుపలికి నెట్టుచుండును. ఆ నెట్టుడును ఆపుటకు లావైన గోడలో, బరువైన స్తంభములో కావలెను. కమానుల కట్టడములు బరువుగా, గంభీరముగా కనబడుటకు ఇదియే మూలము.

సిమెంటు, ఉక్కు కలిసిన వేళ

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు ‘పోర్ట్‌లాండ్ సిమెంటు’కు పేటెంటు పొందినాడు. నేటి సిమెంటు తయారీలో సున్నపురాతిని, బంకమన్నును కలిపి సుమారు 1450 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో కాల్తురు. వచ్చిన గట్టి ఉండలకు కొంచెము జిప్సము చేర్చి మెత్తగా విసరుదురు. ఈ పొడికి ఇసుక, కంకర, నీరు కలిపినచో కాంక్రీటగును. పచ్చిగా ఉన్నపుడు ఏ అచ్చులో పోసిన ఆ రూపము పొందు రాయి ఇది. ఐనను గుణములో రాయియే; లాగినచో పగులును.

ఈ లోపమును ఉక్కు తీర్చినది. 1867లో ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అను తోటమాలి, పూలతొట్లు పగులకుండుటకు సిమెంటులో ఇనుప తీగల వల నుంచి, ఆ పద్ధతికి పేటెంటు పొందినాడు. తొట్టికి పనికివచ్చినది దూలమునకును పనికివచ్చినది. దూలము అడుగుభాగమున, లాగుడు పుట్టుచోట, ఉక్కుచువ్వలు ఉంచిరి. నొక్కుడును కాంక్రీటు, లాగుడును ఉక్కు పంచుకొన్నవి.

ఈ పొత్తు నిలుచుటకు ప్రకృతిలోని ఒక అనుకూలత కారణము. వేడికి ఉక్కు, కాంక్రీటు దాదాపు ఒకే పాళ్ళలో వ్యాకోచించును. 10 మీటర్ల పొడవు గలది 30 డిగ్రీలు వేడెక్కినచో ఉక్కు సుమారు 3.6 మిల్లీమీటర్లు, కాంక్రీటు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. ఈ రెంటి నడుమ తేడా ఎక్కువైనచో మన వేసవిలో ప్రతి మేడయు పగిలిపోయి యుండెడిది. పైగా కాంక్రీటులోని క్షారగుణము ఉక్కును తుప్పు నుండి కాపాడును.

ఇంక గోడ కప్పును మోయవలసిన పని లేదు. కొన్ని స్తంభములు, దూలములు చాలును. గోడ తెర వంటిది అయినది. కావలసినచోట నిలుపవచ్చును, అక్కరలేనిచోట తీసివేయవచ్చును. ఆధునిక వాస్తు యావత్తు ఈ ఒక్క విడుదల నుండి పుట్టినదనిన అతిశయోక్తి కాదు.

పాత ముఖము, క్రొత్త దేహము

క్రొత్త సామగ్రి వచ్చినంతనే క్రొత్త రూపము రాలేదు. చాలకాలము పాత రూపములే సాగినవి. 20వ శతాబ్ది తొలి భాగమున విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి హైదరాబాదులో కాచిగూడ రైలుస్టేషను, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి మున్నగు కట్టడములను రూపొందించినాడు. గుమ్మటములు, మినారులు, కోణపు కమానులు గల ఈ పద్ధతిని ‘ఇండో–సారసెనిక్’ శైలి యందురు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టులోను గుమ్మటములే కనబడును. బెల్జియం దేశీయుడగు ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా 1939లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాలలో అజంతా, ఎల్లోరాల స్తంభములును, దక్కనీ కమానులును ఒకచోట చేరినవి.

అదే కాలమున మరియొక గాలి వీచినది. 1925లో పారిస్ నగరమున జరిగిన ప్రదర్శన నుండి ‘ఆర్ట్ డెకో’ అను శైలి లోకమంతట వ్యాపించినది. గుండ్రని మూలలు, ఓడ అంచులవలె పొడవుగా సాగు చారలు, మెట్ల వంటి ముఖద్వారములు దీని గుర్తులు. బొంబాయి సముద్రతీరపు మేడలలో, హైదరాబాదులో 1930, 1940 దశకములలో కట్టిన పెక్కు ఇండ్లలో దీనిని చూడవచ్చును. గుండ్రముగా ముందుకు పొడుచుకొని వచ్చిన బాల్కనీకి క్రింద స్తంభము లేకుండుట కాంక్రీటు చలవయే.

అలంకారమును విడిచిన కట్టడము

1885లో అమెరికాలోని చికాగోలో లోహపు చట్రముపై పది అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనము లేచినది. ఆ నగరపు శిల్పియైన లూయీ సల్లివాన్, కట్టడపు రూపము దాని ఉపయోగము నుండి పుట్టవలెనని బోధించినాడు. 1919లో జర్మనీలోని వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ విద్యాలయము ఈ భావమును పాఠముగా మార్చినది. కుర్చీ కాని, దీపము కాని, ఇల్లు కాని యంత్రములతో చౌకగా తయారై అందరికి అందుబాటులో ఉండవలెననియు, పనికిరాని అలంకారము వ్యర్థమనియు వారి నమ్మకము. 1926లో డెసావ్‌లో వారు కట్టుకొన్న విద్యాలయ భవనమునకు గోడలే గాజుపలకలు.

అదే సంవత్సరమున ఫ్రాన్సులో లె కార్బూజియే అను వాస్తుశిల్పి క్రొత్త కట్టడమునకు ఐదు లక్షణములు చెప్పినాడు. ఇంటిని స్తంభములపై నేలనుండి ఎత్తుట, గదులను ఇచ్చవచ్చినట్లు అమర్చుట, ముఖపుగోడను బరువునుండి విడిపించుట, పట్టీవలె పొడవైన కిటికీలు పెట్టుట, చదునైన కప్పుపై తోట పెంచుట. ఐదును చట్రపు కట్టడమునకే సాధ్యము. 1932లో న్యూయార్కులో జరిగిన ప్రదర్శనతో ఈ పద్ధతికి ‘అంతర్జాతీయ శైలి’ అను పేరు స్థిరపడినది.

ఈ శైలికి తెల్లని గోడలు, వెడల్పైన కిటికీలు, ఆరుబయలు వసారాలు ఎందుకు వచ్చినవో తెలియుటకు అనంతగిరిని తలచుకొనవలెను. నిజాము పాలనలో ఈ కొండపై క్షయరోగుల కొరకు ఆరోగ్యశాల ఏర్పడినది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడువరకు క్షయకు సరియైన మందు లేదు. శుభ్రమైన గాలి, వెలుతురు, విశ్రాంతి – ఇవియే చికిత్స. అందుకే లోకమంతట ఇట్టి ఆరోగ్యశాలలను కొండలపై, అడవులలో కట్టిరి. 1933లో ఫిన్లాండు దేశమున పాయ్‌మియోలో ఆల్వార్ ఆల్టో కట్టిన క్షయ ఆరోగ్యశాల ఆధునిక వాస్తులో మేటి కట్టడములలో ఒకటి. రోగులు పడకలపై పండుకొని ఎండ కాచుకొనుటకు అందులో పొడవైన వసారాలు కలవు. గోడలలో దుమ్ము పట్టు చెక్కడములు లేవు. చేతులు కడుగుకొను నీటిచప్పుడు ప్రక్క రోగికి వినబడకుండ తొట్టెలను సైతము వంపుతో చేసినాడు. ఆనాటి వాస్తుశిల్పులకు నిరాడంబరత ఒక ఆరోగ్యసూత్రము వంటిది.

ఐతే ఒక చిక్కు కలదు. ఫిన్లాండులో ఎండ అపురూపము. తెలుగునాట వేసవిలో ఎండయే శత్రువు. అచట ఎండను పిలుచు కిటికీ ఇచట ఇంటిని కొలిమి చేయును. ‘అంతర్జాతీయ’ మను పేరు గల శైలి ఉష్ణదేశమునకు వచ్చినపుడు మారక తప్పలేదు.

ఎండకు బదులు చెప్పిన శిల్పులు

ఆ మార్పునకు గొప్ప ఉదాహరణ పుదుచ్చేరిలో ఉన్నది. దాని పేరు మాత్రము తెలుగువారికి చుట్టమే. అరవిందాశ్రమమునకు చెందిన ఆ వసతిగృహము పేరు ‘గోల్కొండ’. దానికి కావలసిన ధనము హైదరాబాదు దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా లభించుటచే ఆ పేరు పెట్టిరి. ఆంటొనిన్ రేమండ్ దానిని రూపొందించినాడు; జార్జి నకషిమా దగ్గరుండి కట్టించినాడు. 1930వ దశకము చివర మొదలై 1940వ దశకములో ఇది పూర్తియైనది. భారతదేశములో ప్రబలిత కాంక్రీటుతో కట్టిన తొలి ఆధునిక భవనములలో ఇది ఒకటి.

ఈ భవనము వెడల్పునకు ఒక్క గదియే ఉండును. కనుక గాలి ఒకవైపు ప్రవేశించి రెండవవైపు వెడలును. ఉత్తర, దక్షిణ ముఖములలో గోడకు బదులు త్రిప్పుటకు వీలగు పలకలు కలవు. వీనిని తెరచిన గాలి వచ్చును. మూసిన ఎండ, వాన ఆగును. కప్పుపై మరియొక కప్పు ఉండి, రెంటి నడుమ గాలి ఆడును. యంత్రము లేకుండనే చల్లదనము లభించును.

స్వాతంత్ర్యానంతరము ఇదే ఆలోచన పెద్ద కట్టడములకు వ్యాపించినది. చండీగఢ్‌లో లె కార్బూజియే 1955లో పూర్తిచేసిన హైకోర్టుపై గొడుగు వంటి రెండవ కప్పు గలదు; ముఖభాగమున ఎండను ఆపు లోతైన కాంక్రీటు గూళ్ళు కలవు. కాంక్రీటుకు పూత పూయక, అచ్చుచెక్కల గుర్తులు సైతము కనబడునట్లు విడుచుట ఇందలి విశేషము. ఈ మోటు పద్ధతికి పిమ్మట ‘బ్రూటలిజము’ అను పేరు వచ్చినది. హైదరాబాదులో 1960వ దశకమున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ కార్యాలయమును చార్లెస్ కొరియా రూపొందించినాడు. కట్టడము రూపమే వేడిని అదుపుచేయవలెనను ఉద్దేశముతో దాని మిద్దెలపై నీడనిచ్చు పందిరి వంటి చట్రమును నిలిపినాడు. ఆ సంస్థ ఉద్యోగుల నివాసములకు బాలకృష్ణ దోషీ రూపకల్పన చేసినాడు. 2018లో దోషీకి వాస్తురంగములో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారము లభించినది. 1961లో ఠాకూరు శతజయంతికి హైదరాబాదులో వెలసిన రవీంద్రభారతి శిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్ మాత్రము ఆధునిక దేహమునకు దక్కనీ ఛాయలను చేర్చినాడు.

ఆధునికము తరువాత

కేవలము ఉపయోగమును, చవుకను చూచి కట్టిన మేడలు అన్నిచోట్ల మేలు చేయలేదు. అమెరికాలోని సెయింట్ లూయీలో పేదల కొరకు 1950వ దశకమున కట్టిన ప్రూయిట్–ఐగో అను 33 భవనముల సముదాయము పాడుపడిపోగా, 1972లో దానిని ప్రేలుడు పదార్థములతో కూల్చుట మొదలిడిరి. నిర్వహణకు డబ్బు లేకుండుట, నగరము క్షీణించుట మున్నగు కారణములు కూడ ఉన్నను, ఈ కూల్చివేతను ఆధునిక వాస్తు అంతముగా కొందరు విమర్శకులు వర్ణించిరి. అప్పటికే 1966లో రాబర్ట్ వెంచురీ, కట్టడములో చరిత్రకు, అలంకారమునకు, చమత్కారమునకు చోటుండవలెనని వాదించినాడు. ఇది ‘ఆధునికోత్తర’ శైలి.

పారిస్‌లో 1977లో తెరచిన పోంపిడూ కేంద్రము గొట్టములను, మెట్లను భవనము వెలుపలనే చూపినది. దీనిని ‘హైటెక్’ శైలి యందురు. స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో ఫ్రాంక్ గెహ్రీ కట్టిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియము, లెక్కలుకట్టు కంప్యూటరు చేతికి వచ్చిన పిదప వంకరటింకర తలములు కూడ సాధ్యమని నిరూపించినది. మరుసటి సంవత్సరము, అనగా 1998లో, హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అది మొదలు ఆ ప్రాంతమున అద్దాల మేడలు వరుసగా లేచినవి.

గాజు సూర్యకాంతిని లోనికి రానిచ్చును. లోపలి వస్తువులు వేడెక్కి వెలువరించు దీర్ఘ పరారుణ కిరణములను మాత్రము సూటిగా వెలుపలికి పోనీయదు. ఎండలో నిలిపిన కారు లోపల కాలుటకు ఇదియు ఒక కారణము. ప్రత్యేకమైన పూతలు గల గాజు ఈ వేడిని కొంత తగ్గించును; మిగిలిన వేడిని శీతలయంత్రము తోడవలెను. దీనికి విరుద్ధమైన మార్గమును అదే హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ. సొహ్రాబ్జీ గోద్రెజ్ హరితవ్యాపార కేంద్రము చూపినది. కరణ్ గ్రోవర్ రూపొందించిన ఈ భవనములో నడిమి ముంగిలి, జాలీ గోడలు, కప్పుపై పచ్చిక, గాలిని చల్లబరచి పంపు గోపురములు కలవు. అమెరికా వెలుపల ‘లీడ్ ప్లాటినమ్’ గుర్తింపు పొందిన మొదటి భవనము ఇదియే. మరల 2023లో ప్రారంభమైన తెలంగాణ సచివాలయమున గుమ్మటములు కనబడినవి. ఒక్క నగరములోనే నూరేండ్ల శైలులన్నియు ప్రక్కప్రక్కన నిలిచియున్నవని దీనివలన తెలియుచున్నది.

తిరిగి తాండూరునకు

వాస్తుశాస్త్రము నేడు ఎదుర్కొను పెద్ద ప్రశ్న రూపమునకు సంబంధించినది కాదు. రాయిని కాల్చుటకు సంబంధించినది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోగ్రాములు కాల్చినచో 56 కిలోగ్రాముల సున్నము మిగిలి, 44 కిలోగ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. కొలిమిలో మండు బొగ్గు నుండి వచ్చునది దీనికి అదనము. గనిలో సహజముగా పొరలై లేచిన బండను బండగానే పరచినపుడు ఈ కాల్పు లేదు. ఐతే దానికిని ఖర్చు కలదు. గనుల చుట్టు పనికిరాని రాతిముక్కల గుట్టలు, కోత యంత్రముల నుండి వచ్చు రాతిపొడి బురద పెరుగుచుండును. వానిని మరల ఉపయోగించు మార్గములు వెదకుట సిమెంటును పొదుపుచేయుటతో సమానమైన పని.

తాండూరు ప్రాంతపు పల్లెలలో బండకప్పు ఇండ్లను తీసి కాంక్రీటు మిద్దెలు వేయుట సాధారణమైనది. దీనిని తప్పు పట్టుటకు వీలులేదు. పెద్ద గది, పై అంతస్తు కావలెనన్న కాంక్రీటు తప్పదు. కాని బండలపై మందముగా మట్టి పరచిన కప్పు పగటి వేడిని ఆలస్యముగా లోనికి పంపును. పలుచని కాంక్రీటు కప్పు సాయంకాలమునకే వేడెక్కి, నిద్రవేళకు దానిని గదిలోనికి వెదజల్లును. పాత ఇంటితోపాటు ఈ జ్ఞానమును కూడ కూల్చివేసినచో, ఆ లోటును విద్యుత్తుతో పూడ్చవలసి వచ్చును. కాంక్రీటు మిద్దెకు నీడనిచ్చు రెండవ కప్పు, ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు వసారా ఏర్పరచుట పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. గోల్కొండ వసతిగృహము, చండీగఢ్ హైకోర్టు చేసినవి ఇవియే.

ఉపాధ్యాయులు ఒక వేసవిదినమున విద్యార్థుల చేత ఈ పరిశీలన చేయింపవచ్చును. బండకప్పు గది, కాంక్రీటు కప్పు గది, రేకులకప్పు గది – మూడింటను ఒకే ఎత్తున ఉష్ణమాపకములు వ్రేలాడదీసి, ఉదయము 6 గంటలకు, మధ్యాహ్నము 2 గంటలకు, రాత్రి 9 గంటలకు పెద్దల సహాయముతో వేడిని గుర్తించి పట్టిక వ్రాయవలెను. గది పరపును, స్తంభముల నడుమ దూరమును, కిటికీలు ఏ దిక్కునకు తెరచుకొన్నవో దాని ప్రక్కన చేర్చవలెను. తరగతి పిల్లలందరి పట్టికలు ఒకచోట పెట్టి పోల్చిచూచినపుడు, తమ ఊరిలో ముందు కట్టబోవు ఇల్లు ఎట్లుండవలెనో వారే చెప్పగలుగుదురు.